బెంగ ఎక్కడ ఆగుతుంది, జబ్బు ఎక్కడ మొదలవుతుంది

ఒక కుర్రాడిని ఊహించుకుందాం. పలాస దగ్గర ఊరు. ఇంటర్‌లో మంచి మార్కులు, ఈఏపీసెట్‌లో పరవాలేదనిపించే ర్యాంకు. ఆగస్టులో విశాఖ వచ్చి ఇంజనీరింగులో చేరాడు. మొదటి నెలంతా బీచ్ రోడ్డు, జగదాంబ సెంటరు, కొత్త స్నేహాలు. దసరాకు ఇంటికి వెళ్లి వచ్చాక మనిషి మారిపోయాడు. రాత్రి రెండింటికి మెలకువ వచ్చేస్తుంది. తెల్లారేదాకా గోడవైపు తిరిగి పడుకుంటాడు, ఉదయం క్లాసుకు లేవలేడు. కడుపులో మంట, తలనొప్పి. క్రికెట్ అంటే ప్రాణం పెట్టేవాడు ఆదివారం మైదానం ముఖం చూడటం మానేశాడు. మెస్‌లో పళ్లెం ముందు కూర్చుని రెండు ముద్దలు కెలికి లేచిపోతాడు. ఇలా ఆరు వారాలు. రోజూ రాత్రి వాళ్లమ్మ ఫోన్ చేసి “తిన్నావా?” అంటుంది. “తిన్నానమ్మా” అంటాడు.

ఇతడికి ఏమైంది?

నలుగురిని అడిగి చూడండి. హాస్టల్ తిండి పడటం లేదంటారు ఒకరు. ఎవరో అమ్మాయి వ్యవహారం అయి ఉంటుందంటారు ఇంకొకరు. రాత్రంతా ఫోను చూస్తే నిద్ర ఎలా పడుతుందని మేనమామ విసుక్కుంటాడు. నాయనమ్మ దిష్టి అంటుంది. మందుల షాపు ఆయన అడగకుండానే గ్యాస్ మాత్ర చేతిలో పెడతాడు. తోటి విద్యార్థి ఒకడు, ఫోనులో వీడియోలు బాగా చూసేవాడు, “ఇది చిన్నప్పటి ట్రామా” అని తేల్చేస్తాడు.

కుర్రాడు నేను కల్పించినవాడే, కానీ అడిగే పద్ధతి నాది కాదు. 1997లో వెలువడిన ఒక అధ్యయనంలో ఆస్ట్రేలియా పరిశోధకుడు ఆంథొనీ జార్మ్, ఆయన సహచరులు సరిగ్గా ఇలాగే చేశారు. 2,031 మంది పెద్దవాళ్లకు ఒక మనిషి పరిస్థితిని కథలా చెప్పి, ఇతడికి ఏమైందని అడిగారు. డిప్రెషన్ కథ విన్నవారిలో దాని పేరు సరిగ్గా చెప్పినవారు 39 శాతం. లేని గొంతులు వినిపించి, లేని కుట్రలు నమ్మించే జబ్బు స్కిజోఫ్రెనియా. దాని కథ విన్నవారిలో 27 శాతం. ఇంకో సంగతి నాకు మరీ నచ్చింది. ఏది మేలు చేస్తుందని అడిగితే విటమిన్ మాత్రలకు ఓటు వేసినవారు చాలామంది, డిప్రెషన్ మందులు హాని చేస్తాయన్నవారు చాలామంది. ఆస్ట్రేలియా ఎక్కడ, మన బలం టానిక్కులు ఎక్కడ! మనిషి నీరసపడితే బీకాంప్లెక్స్ మింగించడం మన ఒక్కరి ఆస్తి కాదన్నమాట.

ఆ అధ్యయనంతోనే ‘మెంటల్ హెల్త్ లిటరసీ’ అనే మాట వాడుకలోకి వచ్చింది. మనసుకు వచ్చే జబ్బులను గుర్తుపట్టడానికి, చూసుకోవడానికి, రాకుండా చూడటానికి పనికొచ్చే ఎరుక, నమ్మకాలు అని దాని అర్థం. తెలుగులో ‘మానసిక ఆరోగ్య అక్షరాస్యత’ అంటున్నారు. అక్షరాస్యత అనగానే మనకు రాత్రి బడి, పలక, వేలిముద్ర గుర్తొస్తాయి. తెలియనివాడికి తెలిసినవాడు నేర్పడం అన్న వాసన ఆ మాటకు ఉంది. నేను తెలివిడి అంటాను. ఈ విషయంలో చదువుకున్నవాళ్ల తెలివిడి కూడా అంత గొప్పగా ఏమీ లేదు.

పై కథలో కుర్రాడు ఒక్కసారి కూడా ‘బాధగా ఉంది’ అనలేదు, గమనించారా? అసలు చిక్కు అక్కడే ఉంది. డిప్రెషన్ అంటే ఏడుస్తూ కూర్చోవడం అని చాలామంది అనుకుంటారు. వైద్యులు చూసే గుర్తులు తొమ్మిది. మనసు కుంగి ఉండటం వాటిలో ఒకటి మాత్రమే. ఇష్టమైన పనుల మీద ఆసక్తి పోవడం దానితో సమానమైన గుర్తు. ఈ రెండింటిలో ఒకటి తప్పనిసరిగా ఉండాలి. మిగిలినవి నిద్ర, ఆకలి, ఒంట్లో సత్తువ, ఏకాగ్రత, కదలికల్లో మందకొడితనం లేదా కుదురులేనితనం, తాను ఎందుకూ కొరగానన్న భావన, చావు గురించిన ఆలోచనలు. మొత్తం మీద కనీసం అయిదు, దాదాపు రోజూ, కనీసం రెండు వారాలు. వాటివల్ల రోజువారీ పనులు దెబ్బతినాలి కూడా. మన కుర్రాడు క్రికెట్ మానేయడం సోమరితనం కాదు, లెక్కలోకి వచ్చే గుర్తు. అతడికి డిప్రెషన్ ఉందని నేను తీర్పు చెప్పడం లేదు. అది వైద్యుడు చూసి చెప్పాలి. చూపించుకోవలసిన స్థితి అని చెప్పడానికి మాత్రం వైద్యుడు అక్కర్లేదు, పక్క మంచం మీద పడుకునేవాడు చాలు.

ఇప్పుడు బెంగ సంగతి. ఈ మాటకు సరిపోయే ఇంగ్లీషు మాట నాకు ఇంతవరకు దొరకలేదు. అమ్మ ఊరెళితే పిల్లాడు బెంగ పెట్టుకుంటాడు, జ్వరం తెచ్చుకుంటాడు. మనసులోది ఒంట్లోకి దిగుతుందని మన పెద్దవాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు, ఆ ఒక్క మాటలోనే అది ఉంది. దిగులు, గుబులు, బెంగ, నిస్పృహ, మనసు మనసులో లేకపోవడం, ఒక్కొక్కటి ఒక్కో ఛాయ. దిగులుకు సాధారణంగా కారణం కనిపిస్తుంది. గుబులు రాబోయేదాన్ని గురించి. బెంగ దూరమైనదాన్ని గురించి. ఇంత సంపద ఉన్న భాషలోంచి వచ్చిన పిల్లలు క్యాంపస్‌లో అడుగుపెట్టగానే వాటన్నిటినీ పక్కన పెట్టి ‘డిప్రెషన్’, ‘ఆంగ్జైటీ’ అనే రెండు మాటలతో సరిపెట్టుకుంటున్నారు. మిడ్ పరీక్ష పోతే డిప్రెషన్. పుస్తకాలు వరసగా సర్దుకుంటే ఓసీడీ. పొద్దున నవ్వి సాయంత్రం కోప్పడితే బైపోలార్. నిజానికి ఓసీడీ అంటే వద్దనుకున్నా ఆగని ఆలోచనలతో చేసిందే మళ్లీ మళ్లీ చేయించే జబ్బు, బైపోలార్ అంటే అతి హుషారూ కుంగుబాటూ విడతలు విడతలుగా వచ్చే జబ్బు.

ఇందులో నష్టం ఏముందని అడగవచ్చు. కనీసం నోరు తెరుస్తున్నారు కదా! నిజమే, ఇరవై ఏళ్ల క్రితం అదీ లేదు. కానీ లూసీ ఫౌక్స్, జాక్ ఆండ్రూస్ అనే ఇద్దరు పరిశోధకులు 2023లో ఒక ఇబ్బందికరమైన ప్రశ్న లేవదీశారు. అవగాహన కార్యక్రమాలు జబ్బున్నవారు బయటపడటానికి సాయపడుతూనే, మామూలు కష్టాన్ని కూడా జబ్బుగా చదువుకునేలా కొందరిని చేస్తున్నాయేమో అని. జబ్బు అనుకున్నవాడు క్లాసుకు వెళ్లడం మానేస్తాడు, మానేసేకొద్దీ భయం పెరుగుతుంది, చివరికి ఆ పేరే నిజమవుతుంది. వాళ్లు దీన్ని పరీక్షించి చూడవలసిన ఊహగానే ముందుకు తెచ్చారు. అయినా ఏ హాస్టల్ వరండాలోనైనా ఒక గంట కూర్చున్నవారికి అది కొట్టిపారేయదగ్గ ఊహలా అనిపించదు.

బెంగనూ జబ్బునూ విడదీసే గీత ఒకటే ఉండదు గానీ, కొన్ని ఆనవాళ్లు ఉన్నాయి. బెంగ వస్తూ పోతూ ఉంటుంది. ఊరి నుంచి పచ్చడి సీసా వస్తే, సినిమాకు వెళితే, పరీక్ష బాగా రాస్తే ఆ పూటకు తేలికపడుతుంది. వారాలు గడిచేకొద్దీ పలచబడుతుంది. జబ్బు అలా కాదు. మంచి వార్త విన్నా లోపల ఏమీ కదలదు. సంక్రాంతికి ఇంటికి వెళ్లినా వదలదు. కాబట్టి ‘నీకు ఎంత బాధగా ఉంది’ అన్న ప్రశ్న కన్నా ‘ఎన్నాళ్లనుంచి, ఏమేం ఆగిపోయాయి’ అన్న ప్రశ్న మేలు. కొన్నిటికి మాత్రం రెండు వారాలు ఆగకూడదు. ఎవరూ లేకుండానే గొంతులు వినిపించడం, అందరూ తన మీద కుట్ర చేస్తున్నారని గట్టిగా నమ్మడం, రాత్రుళ్లు నిద్రే అక్కర్లేనంత హుషారుతో పెద్ద పెద్ద పథకాలు వేయడం, చావు మాట ఎత్తడం. ఇవి కనిపిస్తే వెంటనే వైద్యుడి దగ్గరికి తీసుకువెళ్లాలి.

ఇదంతా మొదటి సంవత్సరంలోనే ఎందుకు ముంచుకొస్తుంది? సగం కారణం వయసు. జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు మానసిక రుగ్మత వచ్చినవారిలో నాలుగింట మూడు వంతుల మందికి అది 24 ఏళ్లలోపే మొదలైందని 2005లో అమెరికాలో రోనాల్డ్ కెస్లర్ బృందం తేల్చింది. అంటే విశ్వవిద్యాలయం తెచ్చిపెట్టకపోయినా అక్కడ ఉండగా వచ్చే జబ్బులు కొన్ని ఉంటాయి. మిగతా సగం మనం చేజేతులా పేర్చుకున్నది. రెండేళ్ల ఇంటర్ ఎలా గడుస్తుందో మన ఇళ్లన్నిటికీ తెలుసు. చీకటితో స్టడీ అవర్, పగలంతా క్లాసులు, రాత్రి మళ్లీ స్టడీ అవర్. ఎప్పుడు లేవాలో, ఎప్పుడు తినాలో, ఏ లెక్క ముందు చేయాలో అన్నీ ఇంకొకరే చెబుతారు. అలా పెరిగినవాడికి పదిహేడో ఏట హఠాత్తుగా సాయంత్రం నాలుగింటికి క్లాసు అయిపోతుంది. ఆ తర్వాత ఏం చేయాలో చెప్పేవారు లేరు. దాన్ని మనం స్వేచ్ఛ అంటాం. వాడికి అది నేల లేనట్టు ఉంటుంది. దానికి తోడు నిన్నటిదాకా తన బడిలో తనే మొదటివాడు, ఇక్కడ అందరూ మొదటివాళ్లే.

తెలుగు మీడియం నుంచి వచ్చినవారికి పాఠం అర్థం కాకపోవడం ఒక ఎత్తు, అర్థం కాలేదని చెప్పలేకపోవడం ఇంకో ఎత్తు. పాడేరు, అరకు వైపు నుంచి వచ్చేవారిలో కొందరి ఇంటి భాష కువి, కొందరిది ఆదివాసీ ఒడియా. తెలుగే వాళ్లకు రెండో భాష. మనసులో మాట ఇంగ్లీషులోనో పుస్తకాల తెలుగులోనో చెప్పమంటే చెప్పేది ఏముంటుంది? “ఏమీ లేదు సార్” అనేస్తారు. ఆ ‘ఏమీ లేదు’ను నమ్మేసి ఫైలు మూసేసే కౌన్సెలింగ్ ఉన్నా లేకపోయినా ఒకటే.

సరే, చూపించుకోవాలి. ఎక్కడ? విశాఖకు ఇక్కడ ఒక విచిత్రమైన వరం ఉంది. వాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాల 1871 నాటిది. అప్పట్లో దాని పేరు ల్యూనటిక్ అసైలం. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో బెజవాడలో పుట్టి 1930లో వాల్తేరు చేరేసరికే ఆ ఆసుపత్రికి అరవై ఏళ్లు నిండవచ్చాయి. ఇన్ని తరాలుగా రెండూ ఇరుగుపొరుగు. ఒక దాంట్లో సీటు వస్తే ఊళ్లో స్వీట్లు పంచుతారు. రెండోదాని పేరు కోస్తా జిల్లాల్లో తిట్టు. “వీణ్ణి వైజాగ్ పంపాలి” అంటే నవ్వని ఊరు లేదు. ఆ నవ్వు వింటూ పెరిగిన పిల్లాడు నిజంగానే వైజాగ్ వచ్చి, నిజంగానే ఆ గేటు ముందు నిలబడాల్సి వస్తే అడుగు పడుతుందా? లోపలికి వెళితే ఉండేది మరే ఆసుపత్రిలోనైనా ఉండేదే, ఓపీ చీటీ, బెంచీ, పిలుపు కోసం ఎదురుచూపు. మనసుకు చూపించుకోవడానికి వచ్చేవారిలో ఎక్కువమంది మందుల చీటీతో అదే రోజు ఇంటికి వెళ్లిపోతారు. సినిమాలు చూపించేది ఇది కాదు.

చికిత్స అవసరమైనవారిలో అది అందనివారు మన దేశంలో జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం దాకా ఉన్నారని 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే చెప్పింది. వైద్యులు చాలకపోవడం ఒక కారణం. గేటు దాకా వచ్చి ఎవరైనా చూస్తారేమోనని వెనక్కి తిరగడం ఇంకొకటి. ఆడపిల్లల విషయంలో ఇది మరీ ఎక్కువ. “తెలిస్తే సంబంధాలు రావు” అన్న ఒక్క మాట ఎన్ని ఓపీ చీటీలను ఆపిందో లెక్క కట్టినవారు లేరు.

ఎవరు ఏం చేస్తారన్నది కూడా చాలామందికి కలగాపులగమే. సైకియాట్రిస్టు ఎంబీబీఎస్ తర్వాత ఈ విభాగంలో పై చదువు చదివిన వైద్యుడు, మందులు రాస్తాడు. క్లినికల్ సైకాలజిస్టు మందులు రాయరు. పరీక్షలు చేస్తారు, మాటలతో సాగే పద్ధతి ప్రకారమైన చికిత్స చేస్తారు. వారికి భారత పునరావాస మండలి నమోదు ఉండాలి. కౌన్సెలర్ అన్న పేరు దగ్గర జాగ్రత్త అవసరం. గట్టి శిక్షణ పొందినవారూ, రెండు వారాల సర్టిఫికెట్ కోర్సు చేసినవారూ అదే బోర్డు పెట్టుకుంటున్నారు. ఏం చదివారని అడగడం అమర్యాద కాదు. ఇక ‘నరాల డాక్టరు’ అని మనవాళ్లు వెళ్లేది చాలాసార్లు మెదడు, నరాల జబ్బులు చూసే న్యూరాలజిస్టు దగ్గరికి. పిచ్చి అనిపించుకోకుండా మనసుకు వైద్యం చేయించుకోవాలన్న ఆశ ఆ పేరు వెనక ఉంది. ఎక్కువసార్లు అక్కడ స్కానింగు అవుతుంది, ఏమీ లేదని తేలుతుంది, జబ్బు అలాగే ఉంటుంది.

మందుల మాట వచ్చింది కనుక ఒక ముడి విప్పాలి. ‘అవి నిద్రమాత్రలు, ఒకసారి మొదలుపెడితే జీవితాంతం’ అన్న మాట ప్రతి హాస్టల్‌లోనూ వినిపిస్తుంది. ఇందులో రెండు రకాల మందులు కలిసిపోయాయి. ఆందోళనకు, నిద్రకు ఇచ్చే బెంజోడయజెపైన్ రకం మాత్రలు ఎక్కువకాలం వాడితే అలవాటుగా మారే మాట నిజం. అందుకే వాటిని సాధారణంగా కొద్దికాలానికే రాస్తారు. డిప్రెషన్‌కు ఇచ్చే మందులు వేరు. వాటి మీద అలాంటి యావ పుట్టదు. అయితే హఠాత్తుగా ఆపకూడదు, వైద్యుడు చెప్పినట్టు తగ్గించుకుంటూ రావాలి. అవి గుణం చూపించడానికి రెండు నుంచి నాలుగు వారాలు, కొన్నిసార్లు ఇంకా ఎక్కువ పడుతుంది. వికారం, కడుపులో తిప్పడం లాంటివి మాత్రం మొదటి వారంలోనే వస్తాయి. మేలు కన్నా ఇబ్బంది ముందు రావడంతో చాలామంది అయిదో రోజే మాత్రలు పారేసి “మందు పడలేదు” అంటారు. ఈ సంగతి ముందే తెలిస్తే సగం మంది నిలబడతారని నా నమ్మకం. పాతికేళ్లలోపువారికి మందు మొదలుపెట్టిన తొలి వారాల్లో వైద్యుడి కంట పడుతూ ఉండటం మరీ అవసరం.

“ఇంట్లో తెలుస్తుందా?” ఇది అందరూ మనసులో పెట్టుకుని ఎవరూ పైకి అడగని ప్రశ్న. 2018 మే నుంచి అమల్లో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 ప్రకారం రోగి వివరాలు గోప్యంగా ఉంచాలి. ప్రాణానికి ముప్పు లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. కానీ మొదటి సంవత్సరంలో చేరేవారిలో చాలామందికి పద్దెనిమిది నిండవు. మైనరుకు చికిత్స విషయంలో తల్లిదండ్రుల పాత్ర చట్టంలోనే ఉంది. కాబట్టి ‘ఎవరికీ తెలియదు’ అని వారికి ఊరికే భరోసా ఇవ్వడం తప్పు. ఫోను దారి వేరు. 2022 అక్టోబరు 10న మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీమానస్‌తో, 14416 నంబరుకు ఫోన్ చేసి, రాత్రీపగలూ, ఉచితంగా, తెలుగులో మాట్లాడవచ్చు. అదే చట్టంలోని 115వ సెక్షన్ ఇంకో భయం తీర్చింది. ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలి, శిక్షించకూడదు, సాయం అందేలా చూసే బాధ్యత ప్రభుత్వానిది. పోలీసు కేసు అవుతుందని స్నేహితుణ్ణి ఆసుపత్రికి తీసుకువెళ్లడానికి జంకేవారు ఇప్పటికీ ఉన్నారు.

ఈ చట్టాల కథ ఈమధ్య విశాఖ మీదుగానే మలుపు తిరిగింది. 2023 జూలైలో, వైద్య ప్రవేశ పరీక్షకు చదవడానికి వేరే రాష్ట్రం నుంచి ఇక్కడికి వచ్చిన పదిహేడేళ్ల అమ్మాయి చనిపోయింది. తండ్రి సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. 2025 జూలై 25న కోర్టు ఆ కేసు తీర్పులోనే దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ, కోచింగ్ కేంద్రాలు, హాస్టళ్లతో సహా, పదిహేను మార్గదర్శకాలు ఇచ్చింది. నూరుమంది, అంతకన్నా ఎక్కువ విద్యార్థులున్న చోట అర్హత గల కౌన్సెలర్, సైకాలజిస్టు లేదా సోషల్ వర్కర్ ఒకరైనా ఉండాలి. చిన్న సంస్థలు బయటి నిపుణులతో ఏర్పాటు చేసుకోవాలి. సిబ్బందికి ఏడాదికి కనీసం రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. హెల్ప్‌లైన్ నంబర్లు అందరికీ కనిపించేలా రాసిపెట్టాలి. వీలైనంతవరకు మార్కులను బట్టి పిల్లలను బ్యాచ్‌లుగా విడదీయకూడదు. ఆ చివరిది చదివి నేను కాసేపు ఆగిపోయాను. మన ఇంటర్ చదువుల కట్టడం సగం ఆ పునాది మీదే లేచింది.

కౌన్సెలర్‌ను పెడతారు, సంతోషం. ఆ గదిని ప్రిన్సిపల్ గది పక్కనే పెట్టి, వచ్చినవారి పేరు రిజిస్టరులో రాయిస్తే ఎవరు వస్తారు? ప్రపంచ మానసిక ఆరోగ్య దినమని అక్టోబరు 10న ఫ్లెక్సీ కట్టి, అతిథికి శాలువా కప్పి, ‘పాజిటివ్‌గా ఆలోచించండి’ అని గంట ఉపన్యాసం ఇప్పించడం కన్నా, చేరిన మొదటి వారంలో పైన చెప్పుకున్న కుర్రాడి కథ చదివి వినిపించి ‘ఇతడికి ఏమైంది?’ అని అడగడం చవక. ఎక్కువ పని జరుగుతుంది.

ఎందుకంటే కష్టంలో ఉన్నవాడు ముందు వెళ్లేది కౌన్సెలర్ దగ్గరికి కాదు, స్నేహితుడి దగ్గరికి. ఆ స్నేహితుడు ఏమంటాడు? “ధైర్యంగా ఉండు”, “నీకన్నా కష్టాల్లో ఉన్నవాళ్లు లేరా?” ఈ రెండూ ప్రేమతో అన్నవే, తలుపు మూసేసేవే. అన్నిటికన్నా కష్టమైన ప్రశ్న చావు గురించి. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని అందరికీ భయం. అడగడం వల్ల ఆలోచన పుట్టదని పరిశోధనలు తేల్చాయి, అడిగినందుకు ఊరట పొందేవారూ ఉంటారు. కానీ ఎలా అడుగుతామన్నది తెలుగులో ఒక సమస్య. “అలాంటి పిచ్చి ఆలోచనలు ఏమీ లేవు కదా?” అంటాం. అందులో జవాబు మనమే ఇచ్చేశాం. ‘లేవు’ అన్నాం, ‘కదా’తో తాళం వేశాం, మధ్యలో ‘పిచ్చి’ పెట్టి అవతలివాడిని భయపెట్టాం కూడా. ఇక వాడు “లేవు” అనక ఏమంటాడు? “ఒరేయ్, బతకాలని లేదని ఎప్పుడైనా అనిపిస్తోందా? చచ్చిపోవాలని అనుకుంటున్నావా?” ఇది మోటుగా ఉంటుంది. అడిగేవాడి గొంతు వణుకుతుంది. అయినా ఇందులో ‘అవును’ అనడానికి చోటు ఉంది. అవునంటే ఉపదేశం అక్కర్లేదు. ఆ రాత్రి వాడిని ఒంటరిగా వదలకుండా పక్కన కూర్చుని 14416కు కలపడం, ప్రమాదం దగ్గర్లో ఉందనిపిస్తే తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లడం, వార్డెన్‌కో ఇంటికో చెప్పడం. ‘ఎవరికీ చెప్పనని ఒట్టెయ్’ అని వాడు అడిగితే ఆ ఒక్క ఒట్టు వేయకూడదు.

పలాస కుర్రాడి దగ్గరికి మళ్లీ వస్తాను. “తిన్నావా?” అన్న వాళ్లమ్మ ప్రశ్న నిజానికి చాలా మంచి ప్రశ్న. ఆకలి, నిద్ర ఆ తొమ్మిది గుర్తుల్లో ఉన్నవే. ఏ పుస్తకం చదవకుండానే ఆవిడ రోజూ వాటినే పరీక్షిస్తోంది. కాకపోతే అలవాటైన ప్రశ్నకు అలవాటైన జవాబు వస్తోంది, ఆరు వారాలుగా.

ఆ రాత్రి ఆవిడ ఎందుకో ఇంకోలా అడిగింది.

“ఇవాళ ఏం కూర?”

కుర్రాడు ఆలోచించాడు. గుర్తు రాలేదు. అవతల ఫోనులో వాళ్లమ్మ కూడా కాసేపు ఏమీ మాట్లాడలేదు.